తాసిల్దారూ మేజిస్ట్రేటే, జడ్జీ మేజిస్ట్రేటే: మరి ఎవరి దగ్గరికి పోవాలి?



మొన్న మన హచ్చొళ్ళిలో నలుగురం కూర్చున్నప్పుడు ఒక పెద్దాయన అడిగారు: "తాసిల్దారూ మేజిస్ట్రేటే అంటారు, కోర్టులో కూర్చునే ఆయనా మేజిస్ట్రేటే అంటారు. మనోణ్ణి పోలీసులు పట్టుకుపోతే ఎవరి గడప తొక్కాలప్పా?" జవాబు చెప్పాలంటే రెండొందల ఏళ్ళు వెనక్కి పోవాలి. ఆ కథలో మన సీమకు పెద్ద చోటే ఉంది.

1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి అప్పగించాడు. బళ్ళారి కూడా అందులోదే. ఇక్కడ 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా పనిచేసినవాడు థామస్ మన్రో. మద్రాసు రాజధానిలో అప్పట్లో మేజిస్ట్రేటు అధికారం జిల్లా జడ్జి చేతిలో ఉండేది. తర్వాత న్యాయవ్యవస్థను సరిచేసే కమిషనుకు మన్రోనే పెద్దగా వచ్చాడు. దాని ఫలితంగా 1816 రెగ్యులేషన్లతో మేజిస్ట్రేటు అధికారం, పోలీసు అజమాయిషీ కలెక్టరుకు వచ్చాయి. కింద తాసిల్దారు శిస్తు అధికారి, పోలీసు అధికారి కూడా అయ్యాడు.

ఊరి పెద్దకూ ఆ రెగ్యులేషన్లు చిన్న శిక్షలు వేసే అధికారం ఇచ్చాయి. తిట్టుకున్నా, చిన్నగా కొట్టుకున్నా పన్నెండు గంటల దాకా చావిడిలో కూర్చోబెట్టవచ్చు. తప్పు చేసినవాడు కింది కులం వాడైతే ఆరు గంటల దాకా బొండకొయ్యలో కాళ్ళు బిగించవచ్చు. తప్పు ఒకటే, కులాన్ని బట్టి శిక్ష వేరు! ఇది ఎవరో చెప్పుకున్న మాట కాదు, చట్టంలోనే రాసిన మాట. మన్రోను మనం మంచి దొర అనే తలుచుకుంటాం, ఆ మాటలో నిజముంది. కానీ ఇదీ ఆ చరిత్రలో భాగమే.

శిస్తు వసూలు చేసే చేయి, పట్టుకునే చేయి ఒకటే అయితే ఏమవుతుంది? 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ కమిషను ఆ సంగతి బయటపెట్టింది. శిస్తు కట్టలేని రైతును ఎండలో వంచి నిలబెట్టి వీపు మీద రాయి పెట్టడం, కొయ్యల మధ్య వేళ్ళు నొక్కడం వంటివన్నీ అందులో ఉన్నాయి. 1859 చట్టంతో పోలీసు శాఖ వేరుపడింది. మేజిస్ట్రేటు అధికారం మాత్రం కలెక్టరు దగ్గరే ఉండిపోయింది.

స్వాతంత్ర్యం వచ్చాక రాజ్యాంగం 50వ అధికరణం న్యాయాన్ని పాలన నుంచి వేరు చేయమంది. 1953లో మన సిరుగుప్ప తాలూకా మైసూరులో చేరింది, ఆదోని ఆంధ్రకు పోయింది. రాష్ట్రాలు వేరైనా 1974 ఏప్రిల్ 1న అమలైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ఇద్దరికీ ఒకటే. అది మేజిస్ట్రేట్లను రెండుగా విడదీసింది. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త సంహితలోనూ అదే పద్ధతి.

తాసిల్దారు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు. గొడవలు కాకుండా బాండు రాయించుకోవడం వంటివి ఆయన పని. గుంపులు కూడవద్దనే నిషేధాజ్ఞ ఇవ్వడమూ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ల పనే. మనం 144 అనేదాని నంబరు ఇప్పుడు 163.

కోర్టులో ఉండేది జ్యుడీషియల్ మేజిస్ట్రేటు. ఆయన హైకోర్టు కింద ఉంటారు, కలెక్టరు కింద కాదు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మూడేళ్ళ దాకా జైలు వేయగలరు. రిమాండు, బెయిలు, భార్యాపిల్లల మనోవర్తి ఆయన చేతిలోవి. నేరం ఒప్పుకుంటానని ఎవరైనా వస్తే, "ఒప్పుకోవాలన్న నిర్బంధం నీకు లేదు, ఒప్పుకుంటే అది నీ మీదే సాక్ష్యం కావచ్చు" అని ముందే చెప్పడం ఆయన విధి.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు జవాబు. పట్టుకుపోయిన మనిషిని, ప్రయాణం పట్టే సమయం తీసేసి, 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ఇది రాజ్యాంగం 22వ అధికరణం. పోలీసు కస్టడీకి మొదటిసారి పంపే ముందు మేజిస్ట్రేటు ఆ మనిషిని కళ్ళారా చూడాలి. దెబ్బలుంటే ఆ నిమిషంలోనే చెప్పాలి. అక్కడ నోరు మూసుకుంటే తర్వాత ఎంత అరిచినా బలం తగ్గుతుంది.

మన సరిహద్దువాళ్ళకు ఇంకో మాట. ఇక్కడ కోర్టు వ్యవహారం కన్నడంలో. ముద్దాయికి అర్థంకాని భాషలో సాక్ష్యం నడిస్తే, అర్థమయ్యే భాషలో కోర్టులోనే వినిపించాలని చట్టం ఉంది. తెలుగు ఒక్కటే వచ్చిన మన అవ్వాతాతలు అర్థంకాకపోయినా తల ఊపి రానక్కరలేదు. "నాకు అర్థం కాలేదు స్వామీ" అనడం తప్పు కాదు, హక్కు.

ఈ నాలుగు మాటలు ఇంట్లో పెద్దవాళ్ళకు చదివి వినిపించండి.