తాకాడా, తాకబోయాడా: పనిచోట లైంగిక వేధింపుల విచారణలో స్పర్శ స్థానం

ఉపోద్ఘాతం

పనిచోట లైంగిక వేధింపులపై ఫిర్యాదు రాగానే ఎవరికైనా ముందు తట్టే ప్రశ్నలు మూడు: ఎక్కడ తాకాడు, ఎలా తాకాడు, ఎవరు చూశారు? ఇవి అడగవలసినవే. అయితే తీర్పంతా వీటి మీదే నిలబెడితే వేధింపు రుజువు కాకుండానే జారిపోతుంది. స్పర్శ సాక్ష్యాల్లో ఒకటి మాత్రమే. ఆ ప్రవర్తన ఆమెకు ఇష్టం లేనిదా, ఇద్దరిలో ఎవరి చేతిలో ఎవరి ఉద్యోగం ఉంది అన్నవే అసలు ప్రమాణాలని ఈ వ్యాసం వాదన.

లిఫ్టు నుంచి సుప్రీంకోర్టు దాకా

1988 ఆగస్టులో ఢిల్లీలో అపారెల్ ఎక్స్‌పోర్ట్ ప్రమోషన్ కౌన్సిల్ ఛైర్మన్ ప్రైవేటు సెక్రటరీ, అదే సంస్థలో టైపిస్టుగా ఉన్న యువతిని డిక్టేషన్ పేరుతో తాజ్ ప్యాలెస్ హోటల్‌కు తీసుకెళ్లాడు. డిక్టేషన్ తీసుకోవడం ఆమెకు రాదు. ఆమె వద్దంటున్నా మరీ దగ్గరగా జరిగి కూర్చోవడం, తాకే ప్రయత్నం చేయడం మానలేదు. లిఫ్టులో మళ్లీ అదే ప్రయత్నం చేస్తే ఆమె ఎమర్జెన్సీ బటన్ నొక్కి తలుపు తెరుచుకునేలా చేసి తప్పించుకుంది. పై అధికారి వెంటనే దొరకకపోవడంతో ఫిర్యాదు ఇవ్వడానికి కొన్ని రోజులు పట్టింది.

శాఖాపరమైన విచారణలో ఆరోపణ రుజువై, 1989లో అతణ్ని ఉద్యోగం నుంచి తొలగించారు. ఢిల్లీ హైకోర్టు మాత్రం అతను ప్రయత్నించాడే తప్ప నిజంగా తాకలేదని చెప్పి మళ్లీ ఉద్యోగంలోకి తీసుకోమంది. 1999 జనవరి 20న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసి తొలగింపును ఖాయం చేసింది. ఇలాంటి కేసుల్లో చిన్నచిన్న తేడాలను పట్టుకు వేలాడకుండా మొత్తం సంభావ్యతను చూడాలని కోర్టులకు చెప్పింది. లిఫ్టులో చెయ్యి తగిలిందా లేదా అన్నది తేలకపోయినా, ఆమె ఎందుకు ఆ బటన్ నొక్కవలసి వచ్చిందో తేలింది.

చట్టం ఏమంటోంది

పనిచోట లైంగిక వేధింపులపై సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన విశాఖ తీర్పు మార్గదర్శకాల స్థానంలో 2013లో వచ్చిన చట్టం వేధింపులను అయిదు రకాలుగా చెప్పింది. శారీరక స్పర్శ అందులో మొదటిదే కాని ఒక్కటే కాదు. లైంగిక కోరికలు తీర్చమని అడగడం, అసభ్య వ్యాఖ్యలు, అశ్లీల చిత్రాలు చూపించడం, మాటల్లోనో సైగల్లోనో ఇష్టం లేని లైంగిక ప్రవర్తన కూడా నేరుగా వేధింపు కిందికే వస్తాయి. చేసినవాడి ఉద్దేశం కన్నా, అది ఆ స్త్రీకి ఎలా అనిపించిందన్నదే ముఖ్యమని 2025లో మద్రాసు హైకోర్టు కూడా స్పష్టం చేసింది.

ఫిర్యాదుకు గడువు మూడు నెలలు. తగిన కారణముంటే మరో మూడు నెలలు పొడిగించవచ్చు. వరసగా జరిగిన సంఘటనలైతే చివరిదాని నుంచి లెక్క. భుజం మీద చెయ్యి వేయడం లాంటివి మొదటిసారి పొరపాటనుకుని ఊరుకునేవే. నాలుగోసారికి గాని వాటి వరస అర్థం కాదు. ఆరోపణను రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదిపై చర్య తీసుకోనక్కర్లేదని కూడా చట్టం చెబుతోంది. అయినా ఫిర్యాది వాంగ్మూలంలో తేదీ ఒకటి తప్పితే చాలు, ప్రతివాది వైపు దాన్నే పట్టుకుంటుంది.

ముగింపు

మూసిన గదిలో జరిగిన స్పర్శకు కాగితం ఉండదు. దాని తర్వాత జరిగిన వాటికి మాత్రం ఉంటుంది: మారిన సీటు, కారణం చెప్పని బదిలీ, తగ్గిన అప్రైజల్ మార్కులు, అదే వారంలో పెట్టిన సెలవు చీటీ, సహోద్యోగికి పంపిన మెసేజ్. సంస్థలో ఇలాంటి ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీ స్పర్శ వివరాలు రాసుకున్నాక అక్కడే ఆగకుండా ఈ రికార్డులను తెప్పించుకోవాలి. వీటిని అడిగే అధికారం చట్టం కమిటీకి ఇచ్చింది. చూసినవాళ్లెవరూ లేరన్న కారణంతో ఫైలు మూసేసే ముందు ఆ అధికారాన్ని వాడారా లేదా అన్నది నివేదికలో రాయాలి.