పొగ కొలిచేవాడికి జీతం ఎవరిస్తున్నారు?

కారు వెనుక గొట్టంలోంచి వచ్చే పొగ రంగును చూసి రోగం చెప్పడం మన మెకానిక్కులకు ఎప్పటినుంచో తెలిసిన విద్య. నల్ల పొగ అయితే ఇంధనానికి తగినంత గాలి అందడం లేదని అర్థం. ఎయిర్ ఫిల్టర్ పూడిపోయి ఉండవచ్చు, ఇంజెక్టర్ సరిగా చిమ్మకపోవచ్చు. నీలి పొగ అయితే పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో అరిగిపోయి ఇంజిన్ ఆయిల్ మండుతోందన్నమాట. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లని పొగ ఆగకపోతే, హెడ్ గ్యాస్కెట్ దెబ్బతిని కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతోందేమోనని అనుమానించాలి. ఫిల్టర్ మార్చడం కాసేపటి పని. రింగులు మార్చాలంటే ఇంజిన్ విప్పాల్సిందే.

ప్రభుత్వం ఈ విద్య జోలికి పోలేదు. దానికి కావలసింది రోగనిర్ధారణ కాదు, ఒక అంకె. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 115వ నిబంధన ఆ అంకెను నిర్ణయించింది. డీజిల్ బండి పొగ 65 హార్ట్‌రిడ్జ్ యూనిట్లు దాటరాదు. పెట్రోల్ కారు ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం మించరాదు. రిజిస్ట్రేషన్ అయిన ఏడాది తరువాత ప్రతి వాహనానికీ పియుసి అనే ధ్రువపత్రం ఉండాలి. పరిమితులు ఆ తరువాత బిగిశాయి కానీ ఏర్పాటు మారలేదు. పరీక్షా కేంద్రాన్ని ఎంచుకునేది వాహనదారుడే, రుసుము చెల్లించేదీ అతడే. నిజాయతీగా ‘ఫెయిల్’ అని రాసిచ్చే కేంద్రానికి రెండోసారి ఎవరు వెళతారు?

పొగపై మన రాజ్యం సాధించిన విజయంగా అందరూ చెప్పుకునేది ఢిల్లీ బస్సుల కథ. 1998 జులై 28న సుప్రీంకోర్టు, 2001 మార్చి 31 నాటికి నగర బస్సులన్నీ సిఎన్‌జికి మారాలని ఆదేశించింది. షీలా దీక్షిత్ ప్రభుత్వం గడువుల కోసం ప్రాధేయపడింది, కేంద్రం మషేల్కర్ కమిటీని వేసింది, ప్రయాణికులు నడిరోడ్డు మీద నిలబడ్డారు. చివరికి 2002 ఏప్రిల్ 5న కోర్టు, తిరుగుతున్న ప్రతి డీజిల్ బస్సుకు మొదట రోజుకు 500 రూపాయలు, ఆపైన 1,000 రూపాయల చొప్పున జరిమానా విధించాకే పని జరిగింది. ఆ ఏడాది చివరికి నగర సర్వీసుల్లో డీజిల్ బస్సులు కనుమరుగయ్యాయి.

ఆ కథలో సూరత్ పేరు ఎవరూ తలవరు. ఉత్తరాదికి గ్యాసును మోసుకెళ్లే హజీరా–బిజయ్‌పూర్–జగదీశ్‌పూర్ పైపులైను మొదలయ్యేది ఆ నగరం పక్కనున్న హజీరాలోనే. ఎరువుల కర్మాగారాల కోసం, విద్యుత్ కేంద్రాల కోసం 1980లలో తలపెట్టిన ఆ మార్గమే ఢిల్లీ బస్సుల నల్ల పొగకూ మందు చేరవేసింది. అయితే ఇంధనం మార్చడం ఒకే రకం రోగానికి మందు. రింగులు అరిగిన సొంత కారుకు, ఫిల్టర్ పూడిన లారీకి దానితో ఒరిగేదేమీ లేదు. వాటి గతి మళ్లీ ఆ పియుసి కాగితమే. సూరత్ నుంచి వెళ్లవలసిన రెండో మందు మాత్రం ఇంకా బయలుదేరలేదు.

వరంగల్, కరీంనగర్ ప్రాంతాల నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలకు సూరత్ మరమగ్గాల ఊరు. మగ్గాల మీది బట్టకు రంగులద్దే మిల్లుల్లో బాయిలర్లు ఉంటాయి, వాటికి పొగగొట్టాలు. గుజరాత్ హైకోర్టు ఆదేశంతో 1996 నుంచి ఆ రాష్ట్రంలో కాలుష్య కారక కర్మాగారాలు ఏటా ప్రైవేటు ఆడిటర్లతో తనిఖీ చేయించుకోవాలి. ఆడిటర్‌ను ఎంచుకునేదీ, డబ్బిచ్చేదీ యజమానే. పియుసికి ఇది పెద్దన్న అన్నమాట.

2009లో గుజరాత్ కాలుష్య నియంత్రణ మండలితో కలిసి ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్, రోహిణి పాండే, నికొలస్ రయన్ అనే నలుగురు ఆర్థికవేత్తలు అహ్మదాబాద్, సూరత్ ప్రాంతాల్లోని 473 కర్మాగారాలతో ఒక ప్రయోగం చేశారు. సగం కర్మాగారాలకు పాత పద్ధతే ఉంచారు. మిగతా సగానికి ఆడిటర్‌ను లాటరీ తీసి కేటాయించారు. అతని ఫీజు యజమాని ఇవ్వడు, ఒక ఉమ్మడి నిధి నుంచి నిర్ణీత మొత్తం అందుతుంది. అతడు కొలిచిన గొట్టాల్లో కొన్నింటిని మరొకరు వెళ్లి చెప్పకుండా మళ్లీ కొలుస్తారు. పాత పద్ధతిలో ధూళికణాల పరిమితి మించినవిగా నివేదికలకెక్కిన కర్మాగారాలు 7 శాతం. తిరిగి కొలిస్తే తేలినవి 59 శాతం! రీడింగులు పరిమితికి కాస్త దిగువన, బారులు తీరినట్టు గుమిగూడాయి. కొత్త పద్ధతిలో, పరిమితి మించినా లోబడినట్టు తప్పుడు నివేదిక ఇవ్వడం 80 శాతం తగ్గింది. అంతకన్నా ముఖ్యమైన సంగతి, ఆ కర్మాగారాలు నిజంగానే కాలుష్యాన్ని తగ్గించుకున్నాయి. 2015లో మండలి ఆడిటర్ల కేటాయింపును లాటరీకి మార్చింది. 2019లో సూరత్‌లోనే, గొట్టాలకు నిరంతర కొలత యంత్రాలు అమర్చి, ధూళికణాలకు ప్రపంచంలోనే తొలి ఉద్గార వాణిజ్య పథకాన్ని నడిపారు. అందులో చేరిన కర్మాగారాల ఉద్గారాలు 20 నుంచి 30 శాతం తగ్గాయి.

ఇదే కాలంలో కారు పొగ విషయంలో మనం చేసిందేమిటి? 2017 ఆగస్టు 10న సుప్రీంకోర్టు పియుసి లేనిదే బీమా పునరుద్ధరించరాదంది. దానివల్ల బీమా లేని బండ్లు పెరుగుతున్నాయన్న ఆందోళనతో 2024 జులైలో ఆ షరతును తొలగించింది. 2019 చట్ట సవరణ జరిమానాను 10,000 రూపాయలదాకా పెంచింది. ఈ చర్యలన్నీ కాగితం విలువను పెంచాయి. అందులోని అంకె నిజమా కాదా అన్న ప్రశ్నను తాకలేదు. కాగితం ఖరీదైతే దొంగ కాగితానికీ గిరాకీ పెరుగుతుందన్నది మన నాయకులకు తెలియని ఆర్థికశాస్త్రమేమీ కాదు.

కర్మాగారాలు వందల్లో, వాహనాలు కోట్లలో ఉన్నాయి కదా అని అధికారులు అంటారు. ప్రతి బండినీ రెండుసార్లు కొలవమని ఎవరూ అడగడం లేదు. రుసుము రాష్ట్ర నిధికి చేరాలి, కేంద్రానికి ఆ నిధి నుంచే చెల్లింపు జరగాలి, వందలో ఒకటి రెండు బండ్లను రోడ్డు మీద ఆపి మళ్లీ కొలవాలి, రెండు రీడింగులూ పొసగని కేంద్రం లైసెన్సు పోవాలి. ఫెయిలైన బండికి పొగ నలుపో, నీలమో, తెలుపో కాగితం మీద రాసివ్వాలి. అప్పుడు వాహనదారుడు చలానాకు బదులు మెకానిక్కు దగ్గరికి వెళతాడు. ఇందుకు పార్లమెంటు దాకా పోనక్కరలేదు, కేంద్ర రవాణా శాఖ తన నియమావళిని సవరిస్తే చాలు.