కాగితం మిల్లు మడ్డి – బొగ్గుతో సహదహనం

కాగితం మిల్లు మురుగునీటిని శుద్ధి చేసినప్పుడు అడుగున చేరే మడ్డిని (స్లడ్జ్) బొగ్గుతో కలిపి బాయిలర్‌లో మండించి, ఆవిరీ విద్యుత్తూ తీసే పద్ధతి ఇది. మడ్డిలో పొట్టి పీచు, సున్నపు పొడి, చైనా మట్టి ఉంటాయి. అన్నిటికన్నా ఎక్కువ ఉండేది నీరే.

కోల్‌కతా పరిసరాల్లో కాగితానికీ బొగ్గుకూ పొత్తు కుదిరి రెండు వందల ఏళ్లు దాటింది. శ్రీరామ్‌పూర్‌లో క్రైస్తవ మిషనరీ విలియం కేరీ బృందం నడిపిన మిల్లులో గుజ్జు నలిపే చక్రాన్ని నలభై మంది కూలీలు వంతులవారీగా తొక్కేవారు. వారిలో ఒకరు ప్రమాదంలో చనిపోయారు. రాణిగంజ్ బొగ్గు గనులు తవ్వించిన విలియం జోన్స్ సలహాపై, 1820లో బోల్టన్ నుంచి 12 అశ్వశక్తి ఆవిరి యంత్రం తెప్పించారు. మన దేశంలో కాగితం పరిశ్రమకు బొగ్గు అవసరం ఒక మనిషి ప్రాణం పోయాక తెలిసివచ్చింది. తర్వాత 1882లో టీటాగఢ్ మిల్లు, 1890 ప్రాంతంలో రాణిగంజ్ మిల్లు వెలిశాయి.

చాలాకాలం మిల్లుల మురుగు హుగ్లీలోకే పోయింది. 1974 నాటి జల చట్టం, 1986లో మొదలైన గంగా కార్యాచరణ ప్రణాళిక వచ్చాక శుద్ధి తప్పనిసరైంది. నదికి కొంత ఉపశమనం దొరికింది కానీ గట్టున మడ్డి గుట్టలు పెరిగాయి. పీచు ఎక్కువున్న మడ్డిని అట్టల తయారీదారులు కొనేవారు. మిగిలిందాన్ని గుంటల్లో పూడ్చేవారు.

ఇనుప ఊచల పొయ్యి (గ్రేట్) ఉన్న పాత బాయిలర్లలో తడి మడ్డి సరిగా మండేది కాదు. జర్మనీలో ఫ్రిట్జ్ వింక్లర్ 1922లో పేటెంట్ పొందిన ఫ్లూయిడైజ్డ్ బెడ్ పద్ధతే దీనికి దారి చూపింది. కింది నుంచి ఊదే గాలికి వేడి ఇసుక మరిగే నీళ్లలా కుతకుతలాడుతుంది. సుమారు 850 డిగ్రీల దగ్గర బొగ్గూ మడ్డీ కలిసి మండుతాయి. ఫిన్లాండ్‌లోని పిహ్లవాలో 1979లో ఈ కోవ బాయిలర్ బెరడు, పీట్ వంటి తడి ఇంధనాలతో పని మొదలుపెట్టింది.

అసలు చిక్కు నీటితోనే. కిలో మడ్డిలో 700 గ్రాముల నీరుంటే, దాన్ని ఆవిరి చేయడానికే 400 కిలోకాలరీలకు పైగా ఖర్చవుతుంది. పిండకుండా పొయ్యిలో వేస్తే ఆ భారం బొగ్గు మీదే పడుతుంది. పాత కాగితం నుంచి సిరా తీసేటప్పుడు వచ్చే మడ్డిలోనైతే పొడి బరువులో సగం దాకా బూడిదే మిగలవచ్చు.

క్లోరిన్ మరో పేచీ. క్లోరిన్‌తో తెల్లబరిచిన గుజ్జు మడ్డిని కాల్చితే డయాక్సిన్లనే విష రసాయనాల భయం ఉంటుంది. కోల్‌కతా కేంద్రంగా ఉన్న ఐటీసీ, భద్రాచలం దగ్గరి సారపాక మిల్లులో 2002లో మూలక క్లోరిన్ వాడని విధానం తెచ్చింది. మడ్డి శుభ్రత గుజ్జు దగ్గరే తేలాలి గాని బాయిలర్ దగ్గర కాదు. సేంద్రియ హాలైడ్లు (క్లోరిన్ వంటివి చేరిన సేంద్రియ రసాయనాలు) ఉన్న కాగితం మడ్డి, 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల జాబితాలో ఉంది. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా దాన్ని ఇంధనంగా వాడకూడదు.