ఇరుసు, మసి, కందెన: రివాల్వర్ సిలిండర్ శుభ్రత - చారిత్రక, భాషా పరిశీలన

వ్యాససంగ్రహం: రివాల్వర్‌లో తూటాలు అమర్చే అరల చక్రాన్ని సిలిండర్ అంటారు. దీనిని ఊడదీసి శుభ్రపరచవలసిన అవసరం ఆ ఆయుధ నిర్మాణాన్ని ఎలా మలిచిందో, ఆ పనిని చెప్పడానికి తెలుగులో ఏ పదాలు ఉన్నాయో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలకపదాలు: రివాల్వర్, సిలిండర్, నల్లమందు, ఇరుసు, కందెన, మన్యం పోరాటం.

1. ఉపోద్ఘాతం

1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాలపై వరుసగా దాడి చేసింది. 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దళం చేతికి వచ్చాయి. మన్యం పోరాట చరిత్ర చెప్పేవారందరూ ఈ లెక్క చెబుతారు. ఆ తుపాకులను ఎవరు తుడిచారు, దేనితో తుడిచారు అన్న ప్రశ్న సాధారణంగా రాదు. ఆయుధ చరిత్ర అంటే పేలిన క్షణాల చరిత్రగానే మిగిలిపోయింది. పేలుడుకూ పేలుడుకూ మధ్య జరిగే సంరక్షణకు కూడా చరిత్ర ఉంది. రివాల్వర్ సిలిండర్ దానికి మంచి ఉదాహరణ.

2. మసి చేసే పని

సామ్యూల్ కోల్ట్ 1836లో అమెరికాలో రివాల్వర్‌కు పేటెంటు పొందాడు. అప్పటి తుపాకిమందు సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన నల్లమందు. అది కాలినప్పుడు సగానికి పైగా ఘనపదార్థంగానే మిగులుతుంది. ఆ మసిలోని లవణాలు గాలిలోని తేమను పీల్చుకొని ఇనుమును తుప్పు పట్టిస్తాయి. ఒకే గొట్టం గల తుపాకిలో ఈ మసి గొట్టాన్ని ఇరుకు చేస్తుంది. రివాల్వర్‌లో అంతకుమించిన చిక్కు ఉంది. మసి సిలిండర్‌కూ దాని ఇరుసుకూ మధ్య చేరి, తిరగవలసిన చక్రాన్ని బిగదీస్తుంది. చక్రం తిరగకపోతే ఆరు గుండ్లున్నా ఒక్క గుండు తుపాకితో సమానం.

గోదావరి డెల్టాలో ఈ బాధ మరీ ఎక్కువ. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మండపేట పరిసరాలు కాలువలతో, వరిచేలతో నిండాయి. ఏడాదిలో అనేక నెలలు తేమ తగ్గని ఇటువంటి నేలమీద తుడవకుండా దాచిన ఇనుము త్వరగా పాడవుతుంది.

3. ఊడదీసే పద్ధతులు

తొలినాటి కోల్ట్ రివాల్వర్‌లో గొట్టాన్ని పట్టి ఉంచే చీలను పక్కకు కొట్టి, గొట్టం విడదీస్తే సిలిండర్ ఇరుసు మీదుగా ముందుకు జారి వస్తుంది. ఇరుసుపై కందెన నిలవడానికి గాట్లు కూడా ఉండేవి. 1858 నాటి రెమింగ్టన్ పేటెంటు నమూనాలో గొట్టం కదపనక్కరలేదు. ఇరుసు కడ్డీని ముందుకు లాగితే సిలిండర్ పక్కకు వస్తుంది. 1873 నాటి కోల్ట్ కూడా ఇరుసు కడ్డీని లాగే పద్ధతినే అనుసరించింది. 1887లో బ్రిటిష్ సైన్యం స్వీకరించిన వెబ్లీ మడత కీలు మీద నడుము దగ్గర తెరుచుకుంటుంది. కాన్పూరు స్మాల్ ఆర్మ్స్ ఫ్యాక్టరీ .32 రివాల్వర్ ఈ కోవకు చెందినదే. 1889లో కోల్ట్, 1896లో స్మిత్ అండ్ వెసన్ సిలిండర్ పక్కకు వాలే నమూనాలు తెచ్చాయి. పొగరాని మందు వచ్చాక మసి తగ్గింది. సిలిండర్‌ను పూర్తిగా ఊడదీసే అవసరమూ తగ్గింది. అయితే పాత తూటాల మూతిమందులోని లవణాలు చాలాకాలం తుప్పుకు కారణమవుతూనే ఉన్నాయి. అందుకే వేడినీటితో కడగడం పొగరాని మందు కాలంలోనూ కొనసాగింది.

నమూనా ఏదైనా పని వరుస దాదాపు ఒకటే. మొదట తుపాకి మొనను మనుషుల వైపు లేకుండా పట్టుకొని, తూటాలన్నీ తీసి, ప్రతి అరనూ కంటితో చూసి ఖాళీ అని నిర్ధారించుకోవాలి. తరువాత సిలిండర్‌ను ఊడదీసి అరలు, ముందుముఖం, నడిమి రంధ్రం, ఇరుసు శుభ్రపరచాలి. తడి పూర్తిగా ఆరనిచ్చి పలుచగా నూనె పూయాలి. నూనె ఎక్కువైతే దుమ్ము పట్టి మళ్లీ బిగుస్తుంది. అరల్లో నిలిచిన నూనె తూటానూ చెరుపుతుంది. చివరగా సిలిండర్‌ను తిరిగి అమర్చి, సాఫీగా తిరుగుతున్నదో లేదో చూడాలి.

4. తెలుగు పదజాలం

తుపాకి తురుష్క మూలం నుంచి, పిస్తోలు ఐరోపా భాషల నుంచి వచ్చాయి. మందు, గుండు, మందుగుండు మాత్రం తెలుగే కల్పించుకున్న పేర్లు. సిలిండర్ దగ్గరకు వచ్చేసరికి భాష ఆగినట్టు కనిపిస్తుంది. అయితే అది చక్రం. ఇరుసు మీద తిరుగుతుంది. దానికి కందెన కావాలి. ఈ మూడు మాటలూ ధాన్యం బస్తాలు మోసిన ఎడ్లబండి నుంచి డెల్టా రైతుకు తరతరాలుగా తెలిసినవే. తుప్పు ఇనుముకు, చిలుము ఇత్తడి తూటాకు అన్న తేడా కూడా తెలుగులో స్పష్టంగా ఉంది. కొత్త పదాలు కల్పించేకంటే వృత్తిపదాలను ఈ యంత్రానికి వర్తింపజేయడం సులువు. అపాయం గల వస్తువును వాడేవారికి సూచన సొంత భాషలో అందడం భద్రతకు సంబంధించిన విషయం.

ఆయుధ సంరక్షణ మన సాహిత్యానికీ కొత్త కాదు. విరాటపర్వ కథలో పాండవులు విండ్ల అల్లెతాళ్లు సడలించిన తరువాతనే వాటిని జమ్మిచెట్టుపై దాచారు. విజయదశమి వేళ చేసే ఆయుధపూజలో సైతం ఆయుధాన్ని ముందు తుడుస్తారు, తరువాతే బొట్టు పెడతారు.

5. ముగింపు

ఈ దృష్టితో చూస్తే 1922 నాటి 26 తుపాకుల లెక్క అసంపూర్ణం. ఠాణాలలో చిక్కినవి ముఖ్యంగా పొడుగు తుపాకులు. రివాల్వర్ అధికారుల నడుముకుండే ఆయుధం. మసి, తేమ మాత్రం రెంటికీ ఒకటే. ప్రభుత్వ ఆయుధం వెనుక విడిభాగాలు, నూనె, మరమ్మతు చేసే పనివాడు ఉంటారు. దళానికి చేజిక్కింది ఆయుధమే గాని ఆ వ్యవస్థ కాదు. మన్యం వానల్లో ఆ తుపాకులను పనిచేసే స్థితిలో ఉంచడం కూడా పోరాటంలో భాగమేనని గుర్తించాలి. 1924 మే 7న రాజు మరణించేవరకు సాగిన పోరాటాన్ని తూటాల లెక్కతో పాటు కందెన లెక్కతోనూ చదవవలసి ఉంది.