పుట్టింటి బెంగా, పరాధీనతా: ప్రవాస కథల్లో స్త్రీ అస్తిత్వం

ప్రవాస కథల్లోని స్త్రీ కష్టాన్ని పుట్టింటి మీద బెంగగా చదవడం విమర్శలో పరిపాటి. బెంగ నిజమే. కానీ ఆ కథలను నిదానంగా చదివితే సొంత సంపాదన, ఒంటరిగా బయటికి వెళ్ళే వీలు, తన పేరు మీద కాగితం లేని స్త్రీ కనిపిస్తుంది. అస్తిత్వ చర్చ ఈ పరాధీనతతోనే మొదలవ్వాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

కత్తిపీటా, కారూ

జుంపా లాహిరి 1999లో వెలువరించిన తొలి సంపుటిలో ‘మిసెస్ సేన్స్’ అనే కథ ఉంది. కలకత్తా నుంచి అమెరికా వెళ్ళిన గృహిణి, వెంట తెచ్చుకున్న కత్తిపీట ముందు నేల మీద కూర్చుని కూరలు తరుగుతుంది. ఆ పనిలో ఆమెకు తిరుగులేదు. తాజా చేప తినాలంటే మాత్రం భర్త కారు తియ్యాలి. బస్సులో తెచ్చుకుంటే వాసన గురించి డ్రైవరు అడుగుతాడు. చివరికి లైసెన్సు లేకుండానే కారు నడిపి ప్రమాదం తెచ్చుకుంటుంది. నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట మండలంలో, మైపాడు సముద్రం పక్కన పెరిగిన ఆడపిల్లకు ఈ కథ వివరించి చెప్పనక్కర్లేదు. చేప కొనడం లాంటి మామూలు పని కూడా అమెరికాలో మిసెస్ సేన్‌కు భర్త తీరికను బట్టి నడుస్తుంది.

చట్టం గీసిన గీత

ఈ పరాధీనతకు చట్టం కూడా తోడైంది. హెచ్-1బి ఉద్యోగి భార్యకు ఇచ్చే హెచ్-4 వీసా మీద 2015 మే దాకా అమెరికాలో ఉద్యోగం చేసే హక్కే లేదు. తర్వాత కూడా, భర్త గ్రీన్‌కార్డు ప్రక్రియ కొంత దూరం సాగిన వారికే ఆ వీలు దక్కింది. ఇలాంటి ప్రవాస స్త్రీల కథలు రాసిన చిత్రా బెనర్జీ దివాకరుణి రాయడంతోనే ఆగలేదు. హింసకు గురైన దక్షిణాసియా స్త్రీల కోసం 1991లో కాలిఫోర్నియాలో ‘మైత్రి’ సంస్థ స్థాపనలో పాలుపంచుకున్నారు. తెలుగులో, 1973లో అమెరికా వెళ్ళిన నిడదవోలు మాలతి ‘చాతకపక్షులు’ నవలలోనూ, కల్పన రెంటాల ‘తన్హాయి’లోనూ ప్రవాస స్త్రీ మనసు, దాంపత్యం చర్చకు వచ్చాయి. ‘తన్హాయి’ పెళ్ళయిన స్త్రీ ప్రేమను నేరంగా కాక ప్రశ్నగా నిలబెట్టింది.

కథకెక్కని ప్రవాసం

నెల్లూరు, కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపని కోసం గల్ఫ్ వెళ్ళే స్త్రీలున్నారు. వీళ్ళు భర్త వీసా మీద వెళ్ళినవారు కాదు. ఇంటిల్లిపాదినీ పోషించడానికి వెళ్ళినవారు. అక్కడ యజమాని స్పాన్సర్‌షిప్ మీదే వాళ్ళ నివాస హక్కు ఆధారపడుతుంది. సంపాదన ఉన్నా స్వేచ్ఛ లేని ఈ స్థితి, పరాధీనతను భర్త చుట్టూ మాత్రమే చూసే మన సిద్ధాంతాన్ని సవరించమంటోంది. అయినా ప్రవాస సాహిత్య చర్చలో అమెరికా కోడలికి దక్కిన చోటు గల్ఫ్ పనిమనిషికి దక్కలేదు.

నెల్లూరు విక్రమ సింహపురి విశ్వవిద్యాలయంలోనూ, ఇతర చోట్లా పరిశోధన చేసే విద్యార్థులు పుస్తకాలతో పాటు ఈ స్త్రీల నోటి మాటనూ సేకరించాలి. వాళ్ళ అనుభవం చేరనంతకాలం తెలుగు ప్రవాస స్త్రీ అస్తిత్వంపై మన అధ్యయనం సగమే.