కప్పు కింద ఎవరున్నారు?
ఇల్లందు - మణుగూరు బొగ్గుబాయిల్లో ప్రమాదాలు, కులం

సింగరేణికి రెండు రకాల చరిత్రలున్నాయి. కంపెనీ చెప్పుకునే చరిత్రలో టన్నులుంటాయి. యూనియన్లు చెప్పుకునే చరిత్రలో సమ్మెలు, జెండాలు, అమరులు ఉంటారు. కప్పు కూలి బాయి లోపలే చనిపోయిన ఫిల్లర్ మాత్రం రెండింట్లోనూ అంకెగానే మిగిలాడు. గని ప్రమాదం జరిగితే ఇన్‌స్పెక్టరుకు పంపే నోటీసులో చనిపోయినవాళ్ళ వయసు, చేసే పని రాస్తారు. కులం రాసే గడి లేదు. గడి లేదు కాబట్టి ప్రమాదానికి కులం లేదనుకోవడం మన కార్మికోద్యమ మేధావులకు అలవాటయింది. కారంచేడు, చుండూరు తర్వాత కూడా ఆ అలవాటు పూర్తిగా పోలేదు.

ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో జియలాజికల్ సర్వేకి చెందిన విలియం కింగ్ తేల్చాడు. భద్రాచలం పోయే భక్తులు పొయ్యికి పెట్టుకున్న నల్లరాళ్ళు అంటుకున్నాయని ఒక కథ కూడా చెప్తారు. 1886లో ఇంగ్లండులో రిజిస్టరయిన హైదరాబాద్ (దక్కన్) కంపెనీకి తవ్వుకునే హక్కు దొరికింది, 1889లో తవ్వకం మొదలయింది. పక్కనున్న సింగరేణి ఊరి పేరే 1920లో కంపెనీ పేరయింది. 1945లో నిజాం ప్రభుత్వం చేతికొచ్చింది. అప్పటికి గోదావరికి ఇవతల నిజాం రాజ్యం, అవతల భద్రాచలం మద్రాసు కింద. 1959లో గాని భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలవలేదు. 2016 నుంచి ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు, భద్రాచలం అన్నీ భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నాయి. ఈ ఏటి సరిహద్దు మ్యాపు మీద గీత మాత్రమే కాదు, చట్టాల సరిహద్దు కూడా. 1901 గనుల చట్టం, 1923 గనుల చట్టం బ్రిటిష్ ఇండియాకు చేసినవి. బొగ్గు ఉన్నది నిజాం గడ్డ మీద.

బాయిలోకి దిగినవాళ్ళెవరు? ఊళ్ళో దొర గడీకి వెట్టి చేసే మాల మాదిగలు, భూమిలేని వెనకబడిన కులాలవాళ్ళు, ఉత్తరాది నుంచి తెచ్చిన కూలీలు. నగదు కూలి అన్న మాట వెట్టి మనిషికి చిన్న మాట కాదు. గడీ నుంచి పారిపోయి వచ్చినవాడికి బాయి విముక్తి లాగానే కనపడింది. అందుకే ప్రమాదాల గురించి మాట్లాడేటప్పుడు "తెలిసీ ఎందుకు దిగారు" అనే ప్రశ్న వేయకూడదు. పైన ఊళ్ళో ఉన్నది కూడా ప్రమాదమే, దాన్ని ఏ ఇన్‌స్పెక్టరూ లెక్క కట్టలేదు. ఇక్కడ మేనేజర్‌ని కూడా 'దొర' అనే పిలిచారు.

పని ఎట్లా జరిగేదో చూడకపోతే కులం ఎక్కడ పనిచేసిందో అర్థం కాదు. బొగ్గు పొరలో అడ్డంగా, నిలువుగా దారులు తవ్వి మధ్యలో బొగ్గు స్తంభాలు వదిలిపెడతారు. పైకప్పును మోసేవి ఆ స్తంభాలే. తర్వాత వెనక్కి వస్తూ ఆ స్తంభాలను కూడా తీసేస్తారు. దీన్ని డిపిల్లరింగ్ అంటారు. తీసిన చోట కప్పు కూలి గోఫ్ అవుతుంది. ఆ గోఫ్ అంచున నిలబడి తట్ట, చెమ్మస్‌తో టబ్బు నింపేవాడు ఫిల్లర్. షాట్ పేలి బొగ్గు రాలిన వెంటనే అక్కడ కప్పుకు ఆధారం ఉండదు. ముందు వేలాడే రాయిని దులపాలి, టింబర్‌మన్ వచ్చి కట్టె ప్రాపులు పెట్టాలి, అప్పుడు ఫిల్లర్ లోపలికి పోవాలి. నియమం అదే. కానీ ఫిల్లర్‌కు కూలి టబ్బుల లెక్కన. ప్రాపు పెట్టేదాకా కూచుంటే ఆ గంటకు కూలి లేదు. కప్పు కింద నిలబడే నిమిషాలకు ధర కట్టిన పద్ధతి ఇది. చనిపోయాక ఎంక్వయిరీలో "ఆధారం లేని కప్పు కిందికి తనంతట తానే వెళ్ళాడు" అని రాయడం సులువు. జవాబు చెప్పాల్సినవాడు లేడు. మన దేశంలో భూగర్భ బొగ్గు గనుల మరణాలకు చాలాకాలం పెద్ద కారణం కప్పు, పక్కగోడలు కూలడమే. మీథేన్ పేలుళ్ళు, నీటి ముంపు పత్రికలకెక్కుతాయి. ఒక్కొక్కడుగా పోయేవాళ్ళు ఎక్కరు.

"కప్పు మాట్లాడుతుంది" అనే మాటలో చాలా శాస్త్రముంది. కర్రతో తడితే గట్టి కప్పు ఒక తీరుగా, పొర విడిపోయిన కప్పు బోలుగా మోగుతుంది. కట్టె ప్రాపు విరిగే ముందు కిర్రుమంటుంది. పాతవాళ్ళు కట్టెను నమ్మింది అందుకే. ఈ చెవి అనుభవంతో వచ్చింది, చదువుతో కాదు. కానీ ఫేసు నుంచి మనుషుల్ని వెనక్కి పిలిచే అధికారం మైనింగ్ సర్దారుది, ఓవర్‌మన్‌ది. అవి సర్టిఫికెట్ ఉద్యోగాలు. సర్టిఫికెట్‌కు పరీక్ష, పరీక్షకు చదువు, చదువుకు బడి. బడి గడప ఎక్కనివ్వని కులాలవాడికి కప్పు మాట వినపడినా ఆ మాటకు విలువ లేదు. ప్రమాదం ఫేసు దగ్గర, దాన్ని ఆపే అధికారం సర్టిఫికెట్ దగ్గర. మధ్యలో ఉన్న దూరానికి నేను కులం అనే పేరు పెడుతున్నాను.

ఇక్కడ డాక్టర్ అంబేద్కర్‌ను గుర్తు చేసుకోవాలి. మనవాళ్ళు కూడా ఆయన్ని రాజ్యాంగానికే కట్టేసి, 1942 - 46 మధ్య వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా చేసిన పనిని పక్కన పెడుతుంటారు. 1943 డిసెంబరులో ఆయన ధన్‌బాద్ బొగ్గు గనులకు పోయి, లోపలికి దిగి చూశాడు. 1944లో బొగ్గు గని కార్మికుల సంక్షేమ నిధి వచ్చింది. తవ్విన ఖాళీని ఇసుకతో నింపి కప్పును నిలబెట్టే స్టోయింగ్ చట్టం 1939 నాటిది, దాని సవరణ కూడా ఆయన చేతుల మీదుగానే నడిచింది. యుద్ధకాలంలో ఆడవాళ్ళను భూగర్భంలో పనికి దించరాదన్న నిషేధం ఎత్తేసినప్పుడు 1944లో శాసనసభలో దాన్ని సమర్థించాల్సి వచ్చిందీ ఆయనకే. 1946లో నిషేధం మళ్ళీ పెట్టారు. ఈ సంగతి దాచాల్సిన పనిలేదు. యుద్ధానికి బొగ్గు కావాలన్న ప్రభుత్వంలో ఒక దళితుడు కూర్చుంటే ఏమేం చేయగలడో, ఏమేం మింగాలో అందులో కనపడుతుంది. అయితే ఆ చట్టాలేవీ నిజాం గనులకు చేసినవి కావు. హైదరాబాద్ ఇండియాలో కలిసిన తర్వాత, 1952 గనుల చట్టంతో గాని అందరికీ ఒకే చట్టం అన్నది రాలేదు.

ఆ చట్టం కింద 1955 నియమాలు, 1957 బొగ్గు గనుల నిబంధనలు, 1966 శిక్షణ నియమాలు వచ్చాయి. గని నియమాల్లో తర్వాత చేర్చిన రెండు అంశాలు ముఖ్యం. 500 మంది దాటిన గనిలో కార్మికుల తరఫున వర్క్‌మెన్ ఇన్‌స్పెక్టర్, 100 మంది దాటిన గనిలో పిట్ సేఫ్టీ కమిటీ ఉండాలి. కమిటీకి మేనేజరే అధ్యక్షుడు. అధికార్లు అయిదుగురు, కార్మికులు పంపిన మనుషులు అయిదుగురు. ఆ అయిదు కుర్చీల్లో ఎవరు కూచున్నారో యూనియన్లు చెప్పాలి. ఫేసు మనిషి ఉన్నాడా, లేక ఫేసు మనిషి పేరు మీద ఆఫీసు చుట్టూ తిరిగే నాయకుడున్నాడా? చట్టాలు, కమిటీలు ఇన్ని ఉండగానే 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్.ఇ.పి.లో నీళ్ళు ముంచెత్తి 17 మంది, అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో కప్పు కూలి 10 మంది చనిపోయారు.

సింగరేణిలో 1975లో ఓపెన్‌కాస్ట్ మొదలయింది. ఆ తర్వాత ఖమ్మం వైపు కూడా ఇంక్లైన్లు ఒక్కొక్కటే మూతపడి మణుగూరులో, ఇల్లందులో, కోయగూడెంలో, సత్తుపల్లిలో పెద్ద గుంతలయ్యాయి. ఊరి పేరే కోయగూడెం. భూమి ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటువాళ్ళకు గని లీజు కుదరదని 1997లో సమతా తీర్పు చెప్పింది. సర్కారు కంపెనీకి అడ్డు లేదు. ఆ కంపెనీ పైమట్టి తీసే పనిని ప్రైవేటు కాంట్రాక్టర్లకిచ్చింది. తట్ట, చెమ్మస్ పోయి ఎస్.డి.ఎల్. యంత్రాలు, రూఫ్‌బోల్టులు వచ్చాక కప్పు కింద మనుషులు తగ్గిన మాట నిజం. ఇప్పుడు భయం టిప్పర్లది, మట్టి డంపు జారడానిది, రాత్రి షిఫ్ట్ నిద్రది. అక్కడ కూడా ట్రిప్పుల లెక్క ఉంటే అది పాత టబ్బుల లెక్కే.

గనిలో పనిచేసే ప్రతి మనిషి పేరూ ఫారం-బి రిజిస్టర్‌లో ఉండాలన్నది 1952 చట్టం నాటి నియమం. కాంట్రాక్టు మనిషికి కూడా శిక్షణ ఇవ్వకుండా పనిలోకి పంపకూడదు. 2017 నిబంధనలు ప్రతి గనికీ సేఫ్టీ మేనేజ్‌మెంట్ ప్లాన్ ఉండాలన్నాయి. ప్రమాదం ఎక్కడుందో ముందే గుర్తించి రాసుకోవడం దాని సారం. టెండర్ మారితే మారిపోయే మనుషులతో ఆ గుర్తింపు ఎట్లా చేస్తారు? 2022 సెప్టెంబరులో సింగరేణి కాంట్రాక్టు కార్మికులు సమ్మెకు దిగారు. ముందుకొచ్చిన డిమాండ్ జీతాలది. భద్రత దాని వెనకే ఉంది, ఎందుకంటే ఉద్యోగం పోతుందని భయపడేవాడు బ్రేకు సరిగా లేని బండిని నడపనని చెప్పలేడు. 2020లో పాసయి, 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన భద్రతా కోడ్‌లో గనుల చట్టం, కాంట్రాక్టు లేబర్ చట్టం రెండూ కలిసిపోయాయి. కాంట్రాక్టు కార్మికుల భాగం వర్తించడానికి ఇదివరకు 20 మంది చాలు, ఇప్పుడు 50 మంది ఉండాలి. 49 మందితో నడిచే చిన్న కాంట్రాక్టర్లు ఎంతమంది పుట్టుకొస్తారో, వాళ్ళ కింద పనిచేసేవాళ్ళు ఏ వాడల నుంచి, ఏ గూడేల నుంచి వస్తున్నారో మణుగూరు, ఇల్లందు విద్యార్థులు ఊరూరా తిరిగి రాసుకోవచ్చు. నోటీసులో లేని గడిని మన నోటుపుస్తకంలో గీసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.