బెర్లిన్ గోడ పుట్టుపూర్వోత్తరాలు

2000 అక్టోబరు 8. లండన్‌లో ప్రపంచ చదరంగ కిరీటం కోసం తొలి గేమ్. తెల్లపావులతో గ్యారీ కాస్పరోవ్, ఎదురుగా వ్లాదిమిర్ క్రామ్నిక్. ఎనిమిదో ఎత్తుకే మంత్రులు రెండూ బోర్డు దిగిపోయాయి. 25వ ఎత్తుకు డ్రా. పదిహేనేళ్లుగా కిరీటం ఏలుతున్న కాస్పరోవ్ పతనానికి నాంది ఆ చప్పని డ్రాయే.

క్రామ్నిక్ ఎంచుకున్న ఆరంభం పాతదే. స్పెయిన్ మతగురువు రుయ్ లోపెజ్ 1561లో చదరంగంపై పుస్తకం వేశాడు. మూడో ఎత్తులో తెల్ల శకటు నల్లగుర్రాన్ని నిలదీసే ఆటకు ఆయన పేరే వచ్చింది. అందుకు జవాబుగా నల్లవాడు రెండో గుర్రాన్ని కూడా బయటికి తెచ్చి, తెల్లరాజు బంటుకు గురిపెడితే అది బెర్లిన్ రక్షణ. 19వ శతాబ్దంలో బెర్లిన్ ఆటగాళ్లు దాన్ని శోధించారు, ఆ ఊరి పేరే నిలిచింది. తర్వాత చాలాకాలం అగ్రశ్రేణి ఆటగాళ్లు పెద్దగా పట్టించుకోలేదు.

కారణం లేకపోలేదు. మంత్రుల మార్పిడిలో నల్లరాజే తెల్లమంత్రిని చంపాలి. దాంతో కోట కట్టుకునే హక్కు పోతుంది. రెండు బంట్లు ఒకే నిలువు వరుసలో ఇరుక్కుంటాయి. అయితే మంత్రులు లేని బోర్డు మీద రాజుకు గండం తక్కువ, పైగా నల్లవాడి చేతిలో రెండు శకటులు మిగులుతాయి. క్రామ్నిక్ నమ్ముకున్నది దీన్నే. దాడికి పేరుమోసిన కాస్పరోవ్‌కు దాడి చేసే సందే దొరకలేదు. 1, 3, 9, 13 గేముల్లో ఇదే ఆరంభం, నాలుగూ డ్రాలే. మొత్తం పోటీలో కాస్పరోవ్ ఒక్క గేమూ గెలవలేదు. రెండు గెలిచిన క్రామ్నిక్ 8.5-6.5తో విజేత అయ్యాడు. ఆరంభానికి 'బెర్లిన్ గోడ' అన్న పేరు స్థిరపడింది.

2014లో సోచిలో ప్రపంచ కిరీట పోరులో మన విశ్వనాథన్ ఆనంద్ ఈ గోడ చాటునే అప్పటి విజేత కార్ల్‌సన్‌ను 122 ఎత్తుల పాటు నిలువరించి ఏడో గేమ్ డ్రా చేసుకున్నాడు. పదకొండో గేమ్‌లో అదే ఆరంభంలో ఓడి, కిరీటం అందుకోలేకపోయాడు.

ఇదే ఆరంభంలో మంత్రులను ముందుకూ వెనక్కూ తిప్పుతూ 14 ఎత్తుల్లో ఆటను డ్రాగా ముగించే దారీ ఉంది. విశ్రాంతి కోరుకునేవాళ్లకు అది సులువు. దాన్ని చూపి బెర్లిన్‌ను పిరికివాళ్ల ఆరంభమనడం సబబు కాదు. పోరాడి సాధించిన డ్రా ఒక్కోసారి గెలుపంత విలువైనది.